ఒకరు విడిచిన బట్ట

మన యిండ్లలో పాతబట్టకు మూడు దారులు కలవు. చినుగుటకు ముందే విడిచినచో పనిమనిషి చేతికి పోవును. చినిగిన పిదప బొంతలోనికో మసిగుడ్డ క్రిందికో పోవును. జరీయంచు కొంచెము మిగిలియున్నచో, పాతబట్టలకు స్టీలు సామానులని వీధిలో కేకవేయుచు వచ్చు మనిషి మూటలో చేరి, దానికి మాఱుగా ఒక గిన్నెయో బకెట్టో వంటయింటికి వచ్చును. ఆ బేరమున మన ఆడువారికి గల నేర్పు మఱెందును కానరాదు. పది చీరలు ముందు పోసి, ఈ గిన్నె కాదు, ఆ మూతగల డబ్బా యిమ్మని గంటసేపు వాదింతుము. ఆ చీరలు తరువాత ఎవరి యొంటిమీదికి పోవునో ఒక్కమాటయు అడుగము.

నాలుగవ దారి యొకటి కలదు. ఇంగ్లండులో దానిని చారిటీ షాపు అనియు, అమెరికాలో త్రిఫ్టు స్టోరు అనియు అందురు. ధర్మపు అంగడి యని మనము పిలుచుకొనవచ్చును గాని, మన భాషలో ధర్మమన్నంతనే ఊరక యిచ్చుట స్ఫురించును. అక్కడ కొనువారికి ఏదియు ఊరక రాదు. ఇండ్లవారు తమ కక్కఱలేని బట్టలు, పాత్రలు, పుస్తకములు, బొమ్మలు మాత్రము ఊరక తెచ్చి యిత్తురు. అంగడివారు వానిని ఏరి, ముడుతలు తీసి, వెలచీటి కట్టి అమ్ముదురు. కొనువారు పేదలే కానక్కఱలేదు. మేష్టరుగారి భార్యయు కొనును, డాక్టరుగారి భార్యయు కొనును. వచ్చిన లాభము ఆ యంగడిని నడుపు సంస్థ యే పనికై యేర్పడినదో ఆ పనికి, అనగా గుండెజబ్బుల పరిశోధనకో, కఱవు సాయమునకో, దిక్కులేని పిల్లలకో చేరును. అంగడిలో నిలిచి పనిచేయువారిలో పెక్కండ్రు జీతము పుచ్చుకొనరు. ఉద్యోగము విరమించిన ముసలమ్మలు వారిలో చాలమంది.

దీని పుట్టుకను గూర్చి కొంత చెప్పవలెను. 1890లో సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడగు విలియం బూతు, ఇంగ్లండు పేదలను గూర్చి వ్రాసిన గ్రంథమున, ఇండ్లలో వ్యర్థమగు వస్తువులను సేకరించుటకు ఒక దండు నేర్పఱుపవలెనని సూచించెను. 1902లో అమెరికాలోని బోస్టను నగరమున ఎడ్గరు హెల్మ్సు అను మెథడిస్టు మతాచార్యుడు సంపన్నుల యిండ్ల నుండి పాతబట్టలు, విఱిగిన సామానులు తెచ్చి, పనిలేని పేదలచేత వానిని బాగుచేయించి అమ్మించి, ఆ సొమ్ము నుండి వారికి కూలి యిప్పించెను. నేటి గుడ్‌విల్ సంస్థ దానినుండి పెరిగినదే. రెండవ ప్రపంచయుద్ధమున గ్రీసు దేశమందు కఱవు పడగా, వారికి ఆహారము పంపవలెనని 1942లో ఆక్స్‌ఫర్డున ఒక సంఘ మేర్పడెను. మనకు స్వరాజ్యము వచ్చిన 1947లోనే ఆ సంఘము అదే యూర బ్రాడ్ స్ట్రీటున తన అంగడిని తెఱచెను. నేడు ఆక్స్‌ఫామ్ అని పేరుపడినది ఇదియే. 1951లో బీహారు కఱవునకు ఈ సంస్థ సాయము చేసినది. ఏ యింగ్లీషు ఇల్లాలో విడిచిన గౌను మన బీహారులో పిడికెడు గింజలైనదేమో! ఇప్పుడు బ్రిటనులో ఇట్టి అంగళ్లు పదివేలకు పైగా ఉన్నవి.

ఇంతవఱకు పుస్తకముల మాట. అంగడిలోనికి అడుగుపెట్టిన మాట మా ఆడుబిడ్డ చెప్పవలెను.

ఆమె 2023లో భర్తవెంట లెస్టరు నగరమునకు పోయినది. కోనసీమలో పుట్టి పెరిగిన పిల్లకు చలి యనగా ధనుర్మాసపు తెల్లవాఱుజాము. ఒక దుప్పటితో పోవు చలి. అక్కడ నవంబరు గాలికి ఆమె ఇక్కడినుండి పట్టుకొనిపోయిన స్వెట్టరు ఆగలేదు. కొత్త ఉన్నికోటు వెల తొంబది పౌండ్లు. ఇంటి అద్దె కట్టిన తరువాత మిగిలిన సొమ్ములో అది యొక నెల బియ్యము, పాలు, బస్సుఖర్చు. ప్రక్కయింటి గుజరాతీ ఆవిడ ఆమెను వెంటబెట్టుకొని వీధిచివర నున్న చారిటీ షాపునకు పోయినది.

మొదట లోనికి పోవుటకు కాళ్లు రాలేదట. అద్దపు తలుపు వెనుక దీపములు, కిటికీలో చక్కగా కట్టిన బొమ్మ, అంతయు మామూలు దుకాణము వలెనే యున్నది. లోపల చొక్కాలు రంగులవారీగా, కొలతలవారీగా వ్రేలాడుచున్నవి. ఒకమూల పింగాణి కప్పులు, ఒకమూల పుస్తకములు. పిల్లలు ముక్కలు పేర్చి ఆడుకొను బొమ్మల పెట్టెలమీద, ముక్కలన్నియు లెక్కించితిమని చేతితో వ్రాసిన చీటీలు. ఆ చీటీలను చూచిన తరువాత తనకు ధైర్యము వచ్చినదని మా ఆడుబిడ్డ చెప్పినది. ఐదువందల ముక్కలు కూర్చుండి లెక్కించిన ముసలమ్మ కొనువారిని తక్కువగా చూడదని ఆమెకు తోచినదట.

నాలుగు కోట్లు తొడిగి చూచినది. తెరగట్టిన చిన్న గదియు, నిలువుటద్దమును ఉన్నవి. ముదురు నీలపుది నప్పినది. వెల తొమ్మిది పౌండ్లు. మన అలవాటు చొప్పున, ఏడుకు ఇయ్యరాదా యని అడిగినది. కౌంటరు దగ్గఱి వృద్ధురాలు నవ్వి, ఆ డబ్బు గుండెజబ్బువారికి పోవునమ్మా యన్నది. తొమ్మిదియు చెల్లించి బయటికి వచ్చి జేబులో చేయిపెట్టగా, ఎన్నడో ఎవరో ప్రయాణము చేసిన బస్సు టికెట్టొకటి దొరకినది. దానిని పాఱవేయుటకు మనసొప్పక చాలసేపు చేతిలో పట్టుకొని నడచినదట.

తరువాతి రెండేండ్లలో ఆమె ఆ కొనుగోలులో పండినది. విదేశమున నున్న మన పిల్లలకు ఉపయోగపడునని ఆమె చెప్పిన కొన్ని మాటలు వ్రాయుచున్నాను. శని ఆదివారములలో జనులు ఇండ్లు సర్దుకొని మూటలు తెత్తురు గనుక వారము మొదట సరకు ఎక్కువగా నుండును. సంపన్నులుండు పేటలోని అంగడిలో వెల కొంచె మెక్కువ గాని బట్ట మేలు. ఉన్నిబట్టను వెలుతురునకు అడ్డముగా పట్టిచూడవలెను. చిమ్మటలు కొట్టిన చిల్లులు అప్పుడు కాని తెలియవు. చంకలు, మెడపట్టీ, జిప్పు, గుండీలు చూడవలెను. వాసన చూచుటకు సిగ్గుపడరాదు. చెప్పుల పైభాగము మెఱుగుపెట్టి యుండును. అడుగుభాగము తిప్పి చూచినగాని అరుగుదల తెలియదు. కరెంటు సామానుమీద పరీక్షించిన చీటీ యున్నచో మాత్రమే కొనవలెను. పసిపిల్లలను కారులో కూర్చుండబెట్టు కుర్చీ, మోటారుసైకిలు టోపీ ఇవి ఎంత చవుకగా వచ్చినను పాతవి కొనరాదు. ఒకసారి దెబ్బతిన్నవో లేదో కంటికి కనబడదు. మంచి అంగళ్లవారు వానిని అమ్మకమునకే పెట్టరు. ఇంటికి తెచ్చిన బట్టను తొడుగుటకు ముందు ఉతుకవలెనని మన ఆడువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అన్నియు మంచి మాటలే కావు. కొందఱు ఆ యంగడి వాకిలిని చెత్తకుండీగా భావించి, రాత్రివేళ మూటలు వదలి పోవుదురు. వానకు తడిసి బూజుపట్టిన ఆ మూటలను పాఱవేయించుటకు సంస్థయే డబ్బు పెట్టుకొనవలెను. మేలైన సరకును వ్యాపారులు ప్రొద్దున్నే వచ్చి ఏరుకొని పోయి, ఇంటర్నెట్టులో ఎక్కువ వెలకు అమ్ముకొందురు. అమ్ముడుపోని బట్ట మాటయు ముందు చెప్పెదను.

కోటు కొన్న సంగతి ఆ పిల్ల తల్లికి చెప్పలేదు. కాని ఫోనులో మొగము కనబడు కాలమిది. ఒకనాడు కోటుతోనే మాటలాడినది. మా అత్తగారు బట్టను చూచి, "ఎంతయిందే?" అని అడిగిరి. తొమ్మిది పౌండ్లనగానే లెక్క వేసికొని, "అంత చవగ్గా ఎలా వచ్చింది?" అనిరి. నిజము చెప్పక తప్పలేదు.

"ఎవరో చచ్చినవాళ్ళదేమోనే!"

"అయ్యుంటుందమ్మా. ఇక్కడ పెద్దవాళ్ళు పోతే పిల్లలు బట్టలన్నీ తెచ్చి షాపులో ఇచ్చేస్తారు."

"ముందది విప్పేయ్," అని ఫోను నా చేతికిచ్చి పెరటిలోనికి పోయిరి.

ఆమె మాటను మూఢత్వమని తీసివేయుటకు లేదు. పోయినవారి బట్టను మన దేశమున స్మశానమున విడుతురు, లేదా చాకలివానికిత్తురు, ఇంటివారు కట్టరు. ఈ శంక మనదొక్కరిదే కాదు. పడమటి దేశములలో అమ్ముడుపోని బట్టలు మూటలుమూటలుగా ఆఫ్రికాకు పోవును. ఘానా దేశపు అక్రా నగరమున కంటామాంటో అను గొప్ప సంత యంతయు ఇట్టి బట్టలదే. 2025 జనవరిలో అది చాలవఱకు కాలిపోయి, మరల కట్టుకొనిరి. అక్కడివారు తమ భాషలో ఈ బట్టలకు పెట్టిన పేరు ఒబ్రోని వావు; తెల్లవాడు చచ్చెనని యర్థము. ఇంత మంచి బట్టను బ్రతికియున్నవాడు విడుచునా యని వారి యనుమానము. మన పానిపట్టు ఊరికిని ఇట్టి మూటలు వచ్చును. అక్కడ వానిని కోసి, చీల్చి, మరల నూలుగా వడకుదురు. ఆ పనిచేయు స్త్రీలను గూర్చి 2012లో తీసిన ఒక చిన్న చిత్రమున, పడమటి దేశములలో నీరు ప్రియమేమో, ఉతుకలేక పాఱవేయుచున్నారేమో యని వారు ఊహించుకొందురు. అక్రా స్త్రీ చావును ఊహించినది, పానిపట్టు స్త్రీ నీటియెద్దడిని ఊహించినది. విసుగుపుట్టి విడిచిరని ఇద్దఱికిని తోచలేదు.

నాకు మా నాయనగారు ఇంటనే సంస్కృతము చెప్పిరి. అత్తగారి మాట విన్న రాత్రి నేను మనుస్మృతి తీసితిని. నాలుగవ అధ్యాయమున, ఒకరు వాడిన చెప్పులు, వస్త్రము, జందెము, నగ, పూలదండ, కమండలువు మఱియొకడు ధరింపరాదని యున్నది. ఆరోగ్యముకొఱకు చెప్పినదే యని మన పెద్దలు సమర్థింతురు. కాని పదవ అధ్యాయమున, సేవచేయు శూద్రునికి ఎంగిలియన్నము, జీర్ణవస్త్రములు, పొల్లు ధాన్యము, పాత సామగ్రి ఇయ్యవలెనని యున్నది. ఈ రెండును ఎదురెదురుగా పెట్టి చదివిన తరువాత ఆరోగ్యపు సమాధానము నాకు రుచింపలేదు. ఒకరికి మైలయైన బట్ట మఱియొకరికి జీతమెట్లగును? పాతబట్ట పేరు చెప్పగానే మనకు పుట్టు జంకులో సగము శుభ్రతకు సంబంధించినది, సగము దీనికి సంబంధించినది. దానిని కట్టుట యనగా ఒకరి క్రింది మనిషినని ఒప్పుకొనుట యని మన నెత్తురులో నిలిచిపోయినది.

అట్లని పాతబట్ట మనకు నిజముగా అంటరానిదా? పురిటిబిడ్డను మొట్టమొదట చుట్టునది కొత్తబట్ట కాదు. తాతమ్మ కట్టి కట్టి వెన్నవలె మెత్తబడిన నేతచీర చింపి పొత్తిగుడ్డలు చేయుదుము. ఉయ్యెల పాతచీర, కప్పునది పాతచీరల బొంత. మనమందఱమును ఒకరు విడిచిన బట్టలోనే కన్ను తెఱచినవారము.

రెండుదినముల తరువాత మా అత్తగారు తామై మాట యెత్తిరి. వారి పుట్టినిల్లు ముమ్మిడివరము వైపున. 1996లో దీపావళికి అక్కడికి పోయియుండగా, పండుగ నాలుగు దినములున్నదనగా, నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను పడినది. కాకినాడ దగ్గఱ తీరము దాటిన ఆ తుపానులో వేయిమందికి పైగా చనిపోయిరి. కోనసీమ కొబ్బరి నేలకొఱిగినది. వారి పుట్టినింటి కప్పు లేచిపోయి పెట్టెలు, బట్టలు నీట కలిసినవి. చంకలో రెండేండ్ల పిల్ల. ఆ పిల్లయే మా ఆడుబిడ్డ. నాలుగవనాడో ఐదవనాడో సాయము లారీ వచ్చినదట. మీదినుండి మూటలు విసరిరి. అత్తగారి చేతబడిన మూటలో ఒక మగవాని ప్యాంటు, గుండీలు లేని రవిక, చంటిపిల్లకు సరిపడు ఉన్నిచొక్కా యున్నవి. కోనసీమలో ఉన్నిచొక్కా! పంపినవారి మనసు మంచిదే కావచ్చును. "తీసుకోక ఏం చెయ్యను? పిల్లకి వంటిమీద గుడ్డ లేదు. కానీ ఆ రోజు నేను చెయ్యి చాపింది నాకు గుర్తే," అనిరి. ఇన్నేండ్లలో ఈ మాట వారి నోట నేను విని యెఱుగను.

ఆ సాయంకాలము కుమార్తెకు తామే ఫోను చేయించిరి. "ఆ కోటు వాళ్ళిచ్చారా, నువ్వే చూసి తీసుకున్నావా?"

"నేనే ఎంచుకున్నానమ్మా. నాలుగు తొడిగి చూశాను. అద్దం కూడా ఉంది."

"సరే, చలిలో తిరక్కు," అని ఊరకుండిరి. మరల ఆ కోటును విప్పుమని అనలేదు.

రామాయణమున కైక నారచీరలను తెచ్చి చేతికిచ్చు ఘట్టము నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఎట్లు కట్టుకొనవలెనో తెలియక సీత చేత పట్టుకొని నిలుచుండిపోవును. రాముడే వచ్చి పట్టుచీరపైన ముడివేయును. నారచీరయే కష్టమా? వనమున మునిపత్నులందఱును కట్టునది అదియే కదా. ఎదుటివారు ఎంచి చేతబెట్టుటలో నున్నది ఆ బాధ.

ఈ సంగతిని మన దేశమున ఎఱిగి పనిచేసినవారిలో గూంజ్ సంస్థను చెప్పవలెను. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో తమ యింటి బీరువాలోని అఱువదియేడు బట్టలతో దానిని మొదలుపెట్టిరి. 2015లో వారికి మెగసెసే పురస్కారము వచ్చినది. పట్టణములలో సేకరించిన బట్టలను వారు పల్లెలలో ఊరక పంచరు. ఊరివారే తమకు కావలసిన పనిని, బావియో బాటయో వంతెనయో నిర్ణయించుకొని చేయుదురు. బట్టలు ఆ శ్రమకు ప్రతిఫలముగా అందును. వాడుకకు రాని నూలుబట్టను శుభ్రపఱచి, బహిష్టుదినములలో పనికివచ్చు మెత్తలుగా కుట్టింతురు. శుభ్రమైన గుడ్డముక్క దొరకని స్త్రీలు మన దేశమున ఎందఱో యున్నారని తెలిసినవారికి ఆ పని విలువ చెప్పనక్కఱలేదు. ఇది అంగడి కాదు గాని, చేయి చాపవలసిన పని లేకుండ చేసినది.

మఱి మన మలికిపురమున ఒక అంగడి పెట్టరాదా? పొదుపు సంఘపు స్త్రీలతో ఈ మాట యన్నప్పుడు మొదట నవ్విరి. మా యింట పనిచేయు ఆమె మాత్రము నవ్వలేదు. "మీరిచ్చిన చీర కట్టుకుని మీ వీధిలోకి ఎప్పుడన్నా వచ్చానాండి? మా చుట్టాలూళ్ళో పెళ్ళికి కడతాను," అన్నది. నేనిచ్చిన చీరలను ఆమె యొంటిమీద చూడలేదని నాకప్పుడు తట్టినది. చిక్కంతయు ఇక్కడ నున్నది. లెస్టరులో నీలపుకోటు ఎవరిదో ఎవరికిని తెలియదు. ఇక్కడ ఆకుపచ్చ ఉప్పాడచీర మీద మామిడిపిందె చూడగానే, ఫలానావారి రెండవకోడలి సీమంతపు చీర యని వీధివీధియు చెప్పును. డబ్బిచ్చి కొన్నను, తీసికొన్నట్లే కనబడును.

దీనికి ఉపాయము ఆమెయే చెప్పినది. ఇక్కడి బట్టలు ఇక్కడ అమ్మరాదు. మన మూటలు సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురము పోవలెను. అక్కడివి ఇటు రావలెను. సరకు లేదను భయము లేదు. పెండ్లికి ఒకసారి, వ్రతమునకు ఒకసారి కట్టి మడతపెట్టిన పట్టుచీరలతో మన బీరువాలు నిండియున్నవి. కువైటునుండి వచ్చిన మన ఆడుపిల్లలు తెచ్చిన పెట్టెలలో, వారి యజమానురాండ్రు ఇచ్చిన బట్టలు తొడుగక మూలుగుచున్నవి. కొనువారును ఉన్నారు. పిల్లవాని ఉద్యోగపు ఇంటర్వ్యూకు మంచి చొక్కా, కాలేజీ వేడుకకు ఓణీ, కోడలి పుట్టింటికి పోవునపుడు ఒక పట్టుచీర కావలసి, కొత్తది కొనలేనివారు మన ప్రక్కవీధులలోనే యున్నారు.

ఇచ్చువారు చేయవలసిన పని కొంచెము కలదు. ఉతికి, ఆఱవేసి, ఇస్త్రీ చేసి ఇయ్యవలెను. ఊడిన గుండీని మీ సూదితో మీరే కుట్టవలెను. రవిక లేని చీర యున్నచో చీటిమీద వ్రాయవలెను. చెప్పులజత త్రాటితో కట్టవలెను. చినిగినదానిని మసిగుడ్డకే ఉంచుకొనవలెను. చీటీలో వెల స్పష్టముగా వ్రాసి, బేరము లేకుండ అమ్మవలెను. ఇల్లాలు వచ్చినను కూలికి పోవు ఆమె వచ్చినను వెల ఒకటే. పంటుమీద మూట తీసికొనిపోవుటకు పోనురానుకూలి ఎంతయగునో కనుగొనుచున్నాము. నరసాపురమున ఒక గది చూచుటకు మా సంఘపు వారిద్దఱు వచ్చు శుక్రవారము రేవు దాటుదురు. గదికి అద్దె తగ్గినను తగ్గకున్నను, గోడకు నిలువుటద్దము, మూలకు తెర ముందుగా పెట్టింపవలెనని మా అత్తగారు వారికి చెప్పి పంపుచున్నారు.